ఈత వచ్చని చేయెత్తిన రంగరూటు

ఈ మధ్య మా నేరేడుచర్ల ఇంటికి ఇద్దరు యువకులు వచ్చారు. సైన్యంలో కొన్నేళ్ళు పనిచేసి, ఇప్పుడు కొత్తవాళ్ళకు శిక్షణ ఇచ్చే పనికి బదిలీ అయినవాళ్ళు. మా ఇంట్లో కుర్చీల్లో కూడా నిటారుగా కూర్చున్నారు. "సార్, మీరు అన్నేండ్లు ఉస్తాద్‌గ చేసిన్రు. మాకు జర చెప్పున్రి. ఏం చెయ్యాలె, ఏం చెయ్యొద్దు" అని అడిగారు. నేను క్రమశిక్షణ గురించి, సమయపాలన గురించి చాలాసేపు మాట్లాడాను. వాళ్ళు మర్యాదగా తలలూపి, చాయ తాగి వెళ్ళిపోయారు.

మా ఆవిడ సరోజన లోపలి గదిలోంచి అంతా విన్నది. ఆమె ప్రాథమిక పాఠశాలలో టీచరు. "గింతసేపు మాట్లాడినవ్ గని పనికొచ్చేది ఒక్కటి చెప్పలే. లింగస్వామి ముచ్చట చెప్తే అయిపోవు గద" అంది.

నిజమే. అందుకే ఇప్పుడు కూర్చుని రాస్తున్నాను. నాకు ఏ సంవత్సరం ఏ ర్యాంకు వచ్చిందో, ఎవరు సంతకం పెట్టారో ఇందులో ఉండదు. అవి పెన్షన్ కాగితాల్లో ఉన్నాయి, అక్కడే ఉండనీండి. ఉస్తాద్ పని ఎలా ఉంటుందో, ఒక కుర్రాడి ద్వారా నాకు ఎలా తెలిసిందో మాత్రం చెబుతాను.

చివరి భాగం

మాది సైన్యంలో వంతెనలు కట్టే శాఖ. శత్రువు వంతెన కూల్చేస్తే మనవాళ్ళు ఏరు దాటడానికి మరొకటి వేసేవాళ్ళం మేమే. కొత్తగా చేరినవాణ్ని మా దగ్గర రంగరూటు అంటారు, నేర్పేవాణ్ని ఉస్తాద్ అంటారు. మా శిక్షణ కేంద్రం వేరే రాష్ట్రంలో ఉండేది. మిర్యాలగూడలో రైలెక్కితే మధ్యలో ఒకచోట మారి, మర్నాటికి చేరేవాళ్ళం.

శిక్షణలో మొదటి నెలలన్నీ కవాతు, వ్యాయామం, దుప్పటి మడత పెట్టడం, బూట్లు తుడవడం. కుర్రాళ్ళు మమ్మల్ని తిట్టుకుంటూనే అవన్నీ నేర్చుకుంటారు. ఆ తర్వాత కొద్ది రోజులు ఇంటికి సెలవు ఇస్తారు. సెలవు నుంచి తిరిగొచ్చాక చివరి భాగం మొదలవుతుంది. అసలు కష్టమంతా అందులోనే ఉంది. వీపున బరువుతో పరుగు, తుపాకి పరీక్ష, పడవలు నడపడం, నీళ్ళలో నిలబడి వంతెన వెయ్యడం, బట్టలతో ఏరు ఈదడం, ఆఖరున కొండల్లో క్యాంపు. అది దాటినవాడు కవాతు చేసి సైనికుడిగా బయటికి నడుస్తాడు.

బయటివాళ్ళు ఈ చివరి భాగంలో కాళ్ళు ఓడిపోతాయని అనుకుంటారు. నేను చూసినంతలో కాళ్ళు ఎప్పుడూ ముందు ఓడిపోలేదు. ఇంట్లో తల్లి చేతి కూర తిని, మంచం మీద పొద్దెక్కేదాకా పడుకుని, మళ్ళీ రైలెక్కడం ఉంది చూశారా, దాని ముందు ఏ కొండయినా చిన్నదే.

మా ప్లాటూన్‌కు పెద్ద సుబేదార్ బల్వంత్ సాబ్. ఉత్తరాది మనిషి. మీసం మాత్రం అన్ని రాష్ట్రాలకూ సరిపోయేంత ఉండేది. నేను హవల్దారుగా ఆయన కింద పనిచేశాను. ఆయన నాకు చెప్పిన మొదటి సంగతి ఇది. "ప్రభుదాస్, సెలవుకు పోతున్నప్పుడు కుర్రాళ్ళ పెట్టెలు చూడు. తిరిగి రావాలనుకున్నవాడు సగం సామాను ఇక్కడే పడేసి పోతాడు. సబ్బుపెట్టెతో సహా సర్దుకున్నవాడి గురించి ఆలోచించు."

నేను చెబుతున్నది 2007 వానాకాలం సంగతి. సూర్యాపేట దగ్గరి ఆత్మకూరు నుంచి వచ్చిన లింగస్వామి సబ్బుపెట్టె ఒక్కటే కాదు, అరిగిపోయిన సబ్బు ముక్కను కూడా కాగితంలో చుట్టి పట్టుకెళ్ళాడు.

మచ్లీ

లింగస్వామి గొర్రెలు కాసే ఇంటి పిల్లవాడు. సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. ఎంత బరువు వీపున పెట్టినా చిన్న గొర్రెపిల్లను ఎత్తుకున్నట్టే నడిచేవాడు. అలసట అనే మాట అతనికి తెలియదు. హిందీ కూడా తెలియదు. అందువల్ల తిట్లు కూడా అతన్ని పెద్దగా తాకేవి కావు.

చేరిన మొదటి రోజుల్లోనే బల్వంత్ సాబ్ అందరినీ వరుసలో నిలబెట్టి, "ఈత ఎవరికి వచ్చు?" అని అడిగాడు. హిందీ రానివాళ్ళకు నేను తెలుగులో చెప్పాను. కొందరు చేతులెత్తారు. వాళ్ళను నీడలో కూర్చోమన్నాడు. రానివాళ్ళను మాత్రం, ఇన్ని నదులున్న దేశంలో పుట్టి ఈత రాకపోవడమేమిటని, గ్రౌండ్ చుట్టూ పరుగెత్తించాడు. లింగస్వామి వరుసలో చివర్లో ఉన్నాడు. నీడను చూశాడు, ఎండను చూశాడు. చేయెత్తాడు.

అక్కడితో ఆగినా బాగుండేది. పక్కనే కోదాడ కుర్రాడు శ్రీను ఉన్నాడు. మన జిల్లావాడు కనిపిస్తే చాలు సొంత అన్నదమ్ముడిలా మీద చేయివేసే రకం, మాటకు ముందు నవ్వు. తనకు తెలిసిన నాలుగు హిందీ ముక్కలు కూడగట్టుకుని, "సాబ్, వీడు మూసీలో పుట్టాడు. చేప" అన్నాడు. ఆ రోజు నుంచి ప్లాటూన్ మొత్తానికి లింగస్వామి పేరు 'మచ్లీ' అయింది. అంటే చేప.

చివరి భాగంలో కంపెనీల మధ్య పడవ పోటీ ఉంటుంది. బల్వంత్ సాబ్ ఏమీ ఆలోచించకుండా లింగస్వామిని పడవ జట్టుకు నాయకుణ్ని చేశాడు. కనిపించినప్పుడల్లా వీపు తట్టి, "మచ్లీ, ఈసారి కప్పు మనదే" అనేవాడు. లింగస్వామి నవ్వేవాడు. అలసట తెలియని కుర్రాడు ఆ నవ్వుతో పాటు చెమటలెందుకు తుడుచుకుంటున్నాడని మాలో ఎవరికీ తోచలేదు.

కొత్త ఉస్తాద్‌లకు ఇక్కడొక మాట. కుర్రాళ్ళకు ముద్దుపేర్లు పెట్టకండి. పేరు పెట్టిన మనం మర్చిపోతాం. వాడు మాత్రం దాన్ని బూట్లతో పాటు ప్రతిరోజూ తొడుక్కోవాలి.

సెలవులో

ఆ సెలవుకు నేను కూడా ఇంటికి వచ్చాను. నాట్లు పడుతున్న రోజులు. ఒక ఉదయం పొలం నుంచి వచ్చేసరికి శ్రీను మా వాకిట్లో కూర్చుని ఉన్నాడు. కోదాడ నుంచి బస్సులో వచ్చాడు. మొదటిసారి వాడి ముఖంలో నవ్వు లేదు.

"సార్, లింగస్వామి రానంటున్నాడండీ."

"ఎక్కడికి రానంటున్నాడు?"

"సెంటర్‌కి. నిన్న వాళ్ళ ఊరెళ్ళానండి, కలిసి టికెట్లు తీసుకుందామని. మనిషి ఇంట్లో లేడు, గొర్రెలెంట ఉన్నాడు. నన్ను చూసి మొహం తిప్పేశాడు. 'నువ్వు పో, నేను వస్తలేను' అన్నాడండీ, అంతే."

నాకు సబ్బు ముక్క గుర్తొచ్చింది. సెలవు అయిపోయి రంగరూటు తిరిగి రాకపోతే మొదట గైర్హాజరు రాస్తారు. ఆ తర్వాత పారిపోయినవాడని రాస్తారు. ఊరికి పోలీసులు వస్తారు. ఆ మచ్చ పడ్డాక వాడికి మరో సర్కారు కొలువు దొరకదు. అన్నిటికంటే నన్ను పరేషాన్ చేసిందేమిటంటే, మా బ్యాచ్ మొత్తంలో సైనికుడు కాదగ్గవాడు వాడే.

శ్రీనును బండి వెనక ఎక్కించుకుని గరిడేపల్లి మీదుగా సూర్యాపేట, అక్కణ్ణుంచి ఆత్మకూరు వెళ్ళాను. ఊరి బయట గుట్ట పక్కన గొర్రెలు మేస్తున్నాయి. కర్రకు ఆనుకుని లింగస్వామి నిలబడి ఉన్నాడు. నన్ను చూడగానే కర్ర వదిలేసి అటెన్షన్‌లోకి వచ్చాడు. గొంగడి భుజాన అలాగే ఉంది. అతని తండ్రి ఐలయ్య రాతి మీద కూర్చుని చుట్ట తాగుతున్నాడు. నన్ను చూసి లేచి, "కూసోన్రి సారు" అని తన రాయి నాకు ఇచ్చాడు.

"ఏమైందిరా? ఎందుకు రానంటున్నావు?" అన్నాను.

"మోకాలు నొస్తాంది ఉస్తాద్" అన్నాడు లింగస్వామి.

"నిన్న తప్పిపోయిన పొట్టేలు కోసం గుట్ట మీదికి ఉరికినవ్ గదరా" అన్నాడు ఐలయ్య.

"మా బాపుకు పానం బాగుంటలేదు ఉస్తాద్. ఒక్కడే గొర్రెల్ని కాయలేడు."

"నాకేమైంది? నేను మంచిగనే ఉన్న."

"గొర్రెలకు గాలి రోగం వచ్చింది."

ఐలయ్య గొర్రెల వైపు చూశాడు. అవి హాయిగా మేస్తున్నాయి. "ఏ గొర్రెకురా?" అన్నాడు. లింగస్వామి ఒక గొర్రెను చూపించబోయి, అది అప్పుడే పక్కదాన్ని కుమ్మి తరిమేసరికి చేయి దించుకున్నాడు.

"మూడు దినాల సంది గిదే వరుస సారు" అన్నాడు ఐలయ్య. "ఏందిరా అంటే చెప్పడు. సూర్యాపేట అంగట్ల అందరికి చెప్పుకున్న, మావోడు మిలిట్రీ అయిండని. రేపు ఏ మొకం పెట్టుకొని పోవాలె?"

నేను అతన్ని చల్ల తెచ్చిపెట్టమని ఇంటికి పంపాను. దాహం లేదు, కాని కొడుకు తండ్రి ముందు నోరు విప్పేలా లేడు. ఐలయ్య కనుచూపు దాటాక లింగస్వామి అటెన్షన్‌లో ఉన్నవాడు ఉన్నట్టే నేల మీద కూలబడ్డాడు.

"ఉస్తాద్, నాకు ఈత రాదు."

శ్రీను నోరు తెరిచాడు. నవ్వబోయి, నా ముఖం చూసి మానుకున్నాడు.

"అసలే రాదా?" అన్నాను.

"అసలే రాదు. మోకాలు దాటితె సాలు, నాకు ఊపిరాడదు. పడవల నన్ను ముందట కూసోపెడ్తున్నరు. అందరి ముందట మునిగి సచ్చే బదులు గీ గొర్రెల్నే కాసుకుంట."

"పోటీ నుంచి తప్పించమని అడగలేకపోయావా?"

"సుబేదార్ సాబ్ కనవడ్డప్పుడల్లా వీపు తడ్తడు. గా చెయ్యి పడ్డంక ఎట్ల చెప్పాలె?" అని, ఆగి, "మా బాపుకు మాత్రం చెప్పకున్రి" అన్నాడు.

"తండ్రికి చెబితే ఏమవుతుందిరా?"

"ఆయనకు గూడ నాకు వచ్చనే తెలుసు."

నాకు ఆ మాట అప్పుడు సరిగా అర్థం కాలేదు. ఇంకా సెలవు మిగిలి ఉంది. ఐలయ్య చల్ల తెచ్చేసరికి నేను ఒక నిర్ణయానికి వచ్చాను. "ఐలన్నా, పిల్లవాడికి కొంచెం అదనపు శిక్షణ కావాలి. నేరేడుచర్ల తీసుకుపోతాను" అన్నాను. ఆయన ఎందుకని అడగలేదు. "తీస్కపోన్రి సారు. గీడుంటె గొర్రెలకు లేని రోగాలు అంటగడ్తడు" అన్నాడు.

బావి

మా వైపు సాగర్ కాలువ ఉంది కాని, నీళ్ళు వదిలిన రోజుల్లో దాని జోలికి పోకూడదు. గరిడేపల్లి దారిలో మా బామ్మర్దికి మెట్లున్న వ్యవసాయ బావి ఉంది. వానలకు మెట్లు సగం దాకా మునిగి ఉన్నాయి. లింగస్వామి వీపుకు ఖాళీ నూనె డబ్బా కట్టి నీళ్ళలోకి దింపాను.

నాకు తెలిసిన పద్ధతి ఒక్కటే. మెట్టు మీద నిలబడి అరవడం. "చెయ్యి ఆడించు, కాలు కొట్టు, తల ఎత్తు" అని గ్రౌండ్‌లో అరిచినట్టే అరిచాను. బావిలో గొంతు రెండింతలై తిరిగొచ్చేది. నేను అరిచిన కొద్దీ వాడు కట్టెలా బిగుసుకుపోయాడు. కాసేపటికి ఎలా వెళ్ళాడో వెళ్ళి మోటారు పైపును కావలించుకున్నాడు. ఎంత గట్టిగా పట్టుకున్నాడంటే, మా బామ్మర్ది పైపు ఊడొస్తుందని భయపడి మర్నాటి నుంచి మోటారు బంద్ పెట్టి కాపలా కూర్చున్నాడు. శ్రీను మాత్రం సాయం చేస్తున్నాననుకుని గట్టు మీద నుంచి దూకడం, నీళ్ళలో పల్టీలు కొట్టడం, "చూడు లింగన్నా, ఇంతేనండీ" అనడం. వాడు దూకినప్పుడల్లా లేచే అల లింగస్వామి ముక్కులోకే పోయేది.

ఇలా కొన్నాళ్ళు గడిచాయి. ఒక సాయంత్రం బడి వదిలాక సరోజన నాకు చాయ తెచ్చి, గట్టు మీద నిలబడి కాసేపు చూసింది. ఆమె పుట్టిల్లు మిర్యాలగూడ దగ్గర కాలువ పక్క ఊరు. ఆమె ఈత ముందు నా ఈత ఎందుకూ పనికిరాదని మా అత్తగారు చెప్పేది.

"నువ్వు గట్టెక్కు" అంది నాతో.

"నేను ఉస్తాద్‌ని సరోజనా."

"గందుకే ఎక్కు."

ఎక్కాను. ఆమె కొంగు దోపుకుని మెట్లు దిగి, నీళ్ళలో కాళ్ళు పెట్టి కూర్చుంది. "లింగస్వామీ, వచ్చి గీడ కూసో. ఇయ్యాల ఈత లేదు" అంది. వాడు పైపు వదిలి వచ్చి కూర్చున్నాడు. ఆమె గొర్రెల గురించి అడిగింది. వాగు అడ్డమొస్తే మందను ఎట్లా దాటిస్తావని అడిగింది. వాడు చెప్పడం మొదలుపెట్టాడు. ముందు ఒక పెద్దదాన్ని దించాలని, అది దిగితే మిగతావి వస్తాయని, బెదిరించి తోలితే అన్నీ వెనక్కే ఉరుకుతాయని చేతులూపుతూ చెబుతున్నాడు. ఆమె మాట్లాడుతూ మాట్లాడుతూ ఒక మెట్టు దిగేది. వాడు కూడా మాట మధ్యలో దిగేవాడు. ముచ్చట అయ్యేసరికి వాడు ఛాతీ లోతు నీళ్ళలో ఉన్నాడు, తనకే తెలియదు.

ఆ రోజు అంతే. మర్నాడు నాలుగో తరగతి పిల్లలకు చెప్పినట్టు, ముఖం నీళ్ళలో పెట్టి బుడగలు ఊదమంది. ఆ తర్వాత వెల్లకిలా పడుకోమని తల కింద అరచేయి పెట్టింది.

"ఆకాశంల ఏం కనవడ్తున్నయ్?"

"కొంగలు పోతున్నయమ్మా."

"ఎన్ని?"

వాడు లెక్కపెడుతున్నాడు. ఆమె చేయి తీసేసింది. లెక్క తప్పకుండా చివరిదాకా పెట్టాడు. అంతసేపూ వాడు నీళ్ళ మీద తేలుతూనే ఉన్నాడు.

భయపడినవాడికి చెవులు పనిచేయవు. మనం ఎంత గట్టిగా చెబితే అంత తక్కువ వినిపిస్తుంది. ఈ సంగతి నాకు ఏ ట్రైనింగ్‌లోనూ ఎవరూ చెప్పలేదు. మీరు డబ్బులు ఖర్చుపెట్టుకుని మా బామ్మర్ది బావి దాకా రానక్కర్లేదు, ఇక్కడే రాసిపెట్టుకోండి.

ఆదివారం నాడు డబ్బా లేకుండా బోర్లా తేలడం నేర్పింది. ముఖం నీళ్ళలో, చేతులు బార్లా చాపి, కదలకుండా ఉండాలి. లింగస్వామి అలా తేలుతున్నాడు. సరిగ్గా అప్పుడే ఐలయ్య వచ్చాడు. కొడుకు ఎలా ఉన్నాడో చూసిపోదామని, జొన్నరొట్టెలు మూట కట్టుకుని సూర్యాపేటలో బస్సెక్కి వచ్చాడట. గట్టు మీద నుంచి కిందికి చూశాడు.

నేను నోరు తెరిచేలోపు మూట పడిపోయింది, కర్ర పడిపోయింది, ఐలయ్య దూకేశాడు. ధోవతి, అంగీ, తలపాగాతో సహా. ఈ వయసు మనిషి, పైగా ఈత రాని కొడుకుకు తండ్రి. నేను చెప్పులు విప్పుతుండగానే ఐలయ్య పైకి తేలి, చేతులు బారలు వేస్తూ కొడుకును చేరాడు. అంత చక్కని ఈత నేను మా సెంటర్‌లో కూడా తక్కువ చూశాను. జుట్టు పట్టుకుందామని చూశాడు. సైన్యం కటింగ్ తలకు జుట్టెక్కడిది. చెవి దొరికింది. చెవి పట్టి మెట్ల దాకా లాక్కొచ్చాడు.

"బాపూ, చెవు, చెవు" అని లింగస్వామి మొత్తుకున్నాడు.

"ఎవడు ముంచిండురా నిన్ను?"

"ఎవ్వలు ముంచలే బాపు. ఈత నేర్సుకుంటున్న."

ఐలయ్య చెవి వదిలాడు. "నీకు ఈత రాకపోవుడేంది? చిన్నప్పుడు దినాం బాయికి పోయేటోనివి. తల తడుపుకొని ఇంటికొచ్చేటోనివి."

లింగస్వామి నీళ్ళ వైపు చూస్తూ చెప్పాడు. "గట్టు మీద కూసునేటోన్ని. ఇంటికొచ్చే ముందట బోరుకాడ తల తడుపుకునేటోన్ని."

"ఎందుకు?"

"ఒకపారి తోటోళ్ళు నూకిన్రు. మస్తు నీళ్ళు తాగిన. మళ్ళ దిగబుద్ది కాలే. నువ్వేమో అందరితోని, మావోడు నా అంత ఈతగాడైతడు అంటుంటివి. గప్పుడు ఎట్ల చెప్పాలె?"

శ్రీను కూడా నవ్వలేదు. ఐలయ్య తలపాగా విప్పి నీళ్ళు పిండాడు. ఒకసారి పిండింది మళ్ళీ పిండాడు.

"నాకు చెప్తే నేనే నేర్పకపోదునారా" అన్నాడు చివరికి. అది తిట్టు కాదు. తర్వాత ఆ తలపాగా గుడ్డను పేని, కొడుకు పొట్ట కింద నుంచి చుట్టి, రెండు కొసలు తన చేతుల్లో పట్టుకున్నాడు. "దిగు" అన్నాడు.

ఆ సాయంత్రమంతా తండ్రి మెట్టు మీద నిలబడి గుడ్డ పట్టుకుంటే కొడుకు బావి చుట్టూ ఈదాడు. సరోజన చేతులు ఎలా వేయాలో చెబుతోంది. నేను గట్టు మీద కూర్చుని జొన్నరొట్టె తిన్నాను. అంతకు మించి నాకు అక్కడ పని లేదు.

సుబేదార్ సాబ్ ముందు

మిర్యాలగూడ స్టేషన్‌లో రైలు కోసం నిలబడ్డప్పుడు లింగస్వామి మెల్లగా అడిగాడు. "ఉస్తాద్, సుబేదార్ సాబ్‌కు మీరే చెప్పున్రి."

"నేను చెప్తానండీ" అని శ్రీను ముందుకొచ్చాడు. "మూసీలో పుట్టించింది నేనే గదా."

ఇద్దరికీ వద్దన్నాను. నువ్వెత్తిన చేయి, నువ్వే దించుకోవాలి అన్నాను. రైలు ప్రయాణమంతా వాడు హిందీ వాక్యం ఒకటి కంఠస్థం చేశాడు.

సెంటర్ చేరిన మర్నాడు బల్వంత్ సాబ్ ముందు నిలబడి సెల్యూట్ కొట్టి, కంఠస్థం చేసిందంతా మర్చిపోయాడు. మిగిలిన మాటలతో, "సాబ్, నేను చేపను కాను" అన్నాడు.

బల్వంత్ సాబ్ మీసం దువ్వడం ఆపాడు. "మరెవరివి?"

"గొర్రెల కాపరిని సాబ్."

నేను కలగజేసుకుని సంగతంతా చెప్పాల్సి వచ్చింది. బల్వంత్ సాబ్ ముఖం ఎర్రబడింది. ప్లాటూన్ మొత్తాన్ని వరుసలో నిలబెట్టమన్నాడు. వాళ్ళ ముందు అటూ ఇటూ నడిచి, ఈసారి గొంతు తగ్గించి అడిగాడు. "పరుగు లేదు, శిక్ష లేదు. నిజంగా ఈత రానివాళ్ళు చేతులెత్తండి."

లింగస్వామి చేయి లేచింది. తర్వాత ఇంకొకటి. తర్వాత మరికొన్ని. మొదటి రోజు నీడలో హాయిగా కూర్చున్నవాళ్ళలో సగం మంది చేతులు గాలిలో ఉన్నాయి. పడవ జట్టులో తెడ్డు వేయాల్సినవాళ్ళు కూడా కొందరున్నారు.

బల్వంత్ సాబ్ ఆ చేతుల్ని ఒక్కొక్కటే లెక్కపెట్టాడు. పడవను వాళ్ళ తలల మీదికెత్తించి గ్రౌండ్ చుట్టూ నడిపించాడు. శిక్ష లేదన్నారు కదా సాబ్ అని శ్రీను గొణిగితే, "ఇది శిక్ష కాదు, పడవతో పరిచయం" అన్నాడు. తను కూడా వాళ్ళ పక్కనే ఎండలో నడిచాడు. సాయంత్రం చాయ దగ్గర నాతో అన్నాడు. "తప్పు వాళ్ళది కాదు ప్రభుదాస్. ప్రశ్న అడిగి, దాని పక్కనే ఎండను పెట్టింది నేను." నా ఉద్యోగంలో నేను చాలామంది పెద్దల్ని చూశాను. తన ప్రశ్నలో తప్పుందని ఒప్పుకున్న పెద్దమనిషిని ఆయన్నొక్కణ్నే చూశాను. మరుసటి బ్యాచ్ నుంచి ఆయన ఎవరినీ అడగలేదు. అందరినీ లోతులేని నీళ్ళలో దింపి, తనే చూసుకునేవాడు.

లింగస్వామిని పడవ నాయకత్వం నుంచి తీసేశారు. ఈత రానివాళ్ళకు ప్రతి ఉదయం వేరే క్లాసు పెట్టారు. నేను అరవలేదు. నీళ్ళ ఒడ్డున కూర్చుని వాళ్ళ ఊళ్ళ గురించి అడిగేవాణ్ని. మిగతా ఉస్తాద్‌లు నాకేదో అయిందనుకున్నారు.

పడవ పోటీలో మా కంపెనీ ఓడిపోయింది. చెప్పుకోవడానికి ఇంకేమీ లేదు, బాగా ఓడిపోయింది. బట్టలతో ఏరు ఈదే పరీక్షలో లింగస్వామి బర్రెలాగా తల పైకెత్తి, ఎవరి తొందరా తనది కానట్టు ఈదాడు. అవతలి ఒడ్డున బల్వంత్ సాబ్ గడియారం పట్టుకుని నిలబడి ఉన్నాడు. అందరూ చేరాక, ఆఖరున వాడు చేరాడు. గడువు ఇంకా కాస్త మిగిలే ఉంది. బల్వంత్ సాబ్ వాడి వీపు తట్టబోయి, ఏదో జ్ఞాపకం వచ్చినట్టు ఆగి, చేయి పట్టుకుని ఒడ్డెక్కించాడు.

కొండల్లో ఆఖరి నడకలో మాత్రం కథ తిరగబడింది. నీళ్ళలో పల్టీలు కొట్టిన శ్రీను అరికాళ్ళు బొబ్బలెక్కి ఒక బండ మీద కూలబడ్డాడు. "నన్నొదిలేయండి సార్. ఇక్కణ్ణుంచి కోదాడ బస్సుంటే ఎక్కేస్తాను" అన్నాడు. లింగస్వామి వాడి తుపాకి తీసుకుని తన భుజాన వేసుకున్నాడు. తర్వాత వాడి వెనక్కి వెళ్ళి, నాలుక అంగిట్లో కొడుతూ గొర్రెల్ని తోలే చప్పుడు మొదలుపెట్టాడు.

"నేను గొర్రెనా? ఆపరా బాబూ" అన్నాడు శ్రీను.

"నడువ్. నడుస్తె ఆపుత."

శ్రీను తిట్టుకుంటూ నడిచాడు. వాడి తిట్లు, ఆ చప్పుడు వింటూ ప్లాటూన్ అంతా నవ్వుకుంటూ గుట్ట దిగింది. బెదిరించే ఉస్తాద్‌లం ఎవరమూ ఆ రోజు ఆ పని చేయగలిగేవాళ్ళం కాదు.

పరేడ్

పాసింగ్ అవుట్ పరేడ్‌కు ఐలయ్య వచ్చాడు. కొత్త ధోవతి, కొత్త తలపాగా, చేతిలో ఇంట్లో చేసిన తీపి గరిజెల డబ్బా. గొర్రెల్ని ఎవరికో అప్పజెప్పి, ఊళ్ళో ఉన్నవాళ్ళలో హిందీ వచ్చిన ఒకరి దగ్గర రెండు మాటలు నేర్చుకుని వచ్చానన్నాడు. ఆ రెండూ దారిలోనే అయిపోయాయట. నేను ఆయన్ని తల్లిదండ్రులు కూర్చునే చోట ముందు వరుసలో కూర్చోబెట్టాను.

బ్యాండు మొదలైంది. వరుసలు వచ్చాయి. అందరికీ ఒకే బట్టలు, ఒకే టోపీ, ఒకే ఎత్తులో లేచే చేతులు. నేను నెలల తరబడి చేసింది అదే కదా, ఒకరికీ ఒకరికీ తేడా కనిపించకుండా చేయడం.

"ఏడున్నడు సారు?" అన్నాడు ఐలయ్య.

నేను వెతుకుతుండగానే ఆయనే, "అగో, అగో మావోడు" అని లేచి నిలబడ్డాడు. కవాతు అయిపోయేదాకా కూర్చోలేదు. అటు తిరిగితే అటు, ఇటు తిరిగితే ఇటు, ఒకే కుర్రాడి మీద కళ్ళు పెట్టి చూశాడు. కళ్ళు తుడుచుకుని మళ్ళీ చూశాడు. వెనకాలవాళ్ళు కూర్చోమంటే, "గాడు నా కొడుకు" అని వాళ్ళకు చూపించాడు. వాళ్ళకు తెలుగు రాకపోయినా అర్థమై ఊరుకున్నారు.

కవాతు ముగిసి కుర్రాళ్ళు ఇళ్ళవాళ్ళ దగ్గరికి పరుగెత్తుకొచ్చారు. లింగస్వామి వచ్చాడు, మేం చూస్తున్న వైపు నుంచి కాదు, పూర్తిగా వెనక వైపు నుంచి. "బాపూ" అని భుజం పట్టుకున్నాడు. ఐలయ్య కొడుకును చూశాడు, మళ్ళీ ఎదురుగా చూశాడు.

"నువ్వు గా దిక్కు లేవా?"

"లేను బాపు. నేను ఆఖరి వరుసల ఉన్న."

"మరి గింతసేపు నేను సూసింది ఎవ్వల్ని?"

ఆ కుర్రాడు ఇంకా మైదానంలోనే ఒంటరిగా నిలబడి ఉన్నాడు. ఒడిశా నుంచి వచ్చినవాడు. ఆ రోజు వాడి కోసం ఎవరూ రాలేదు. అందరూ తల్లిదండ్రుల చుట్టూ ఉంటే, ఎటు పోవాలో తెలియక టోపీ సర్దుకుంటున్నాడు.

లింగస్వామి గరిజెల డబ్బా కోసం చేయి చాపాడు. ఐలయ్య ఇవ్వలేదు. డబ్బా పట్టుకుని తిన్నగా మైదానంలోకి నడిచి ఆ కుర్రాడి ముందు ఆగాడు. మూత తీసి ఒక గరిజె తీసి వాడి నోటి దగ్గర పెట్టాడు. వాడు బెదిరి నా వైపు చూశాడు. నేను తినమని సైగ చేశాను.

"తిను బిడ్డా" అన్నాడు ఐలయ్య. "గింతసేపు నిన్నే సూసిన. ముందుగాల నువ్వు తిను. మావోనికి తర్వాత పెడ్త."